పాఠం 14: లేదు వేరు, కాదు వేరు

ఈ పాఠంలో నేర్చుకునేవి

- తెలుగులో "లేదు", "కాదు" అనే మాటలకు తేడా
- స్విఫ్ట్ కోడ్‌లో ఈనమ్, ఆప్షనల్ అంటే ఏమిటి
- కంపైలర్ ఇచ్చే అయోమయం ఎర్రర్లను చదివి అర్థం చేసుకోవడం

చదివే ముందు

పిల్లలూ, ఈ రెండు వాక్యాలను పైకి చదవండి.

ఇది మా ఇల్లు కాదు.
ఇక్కడ మా ఇల్లు లేదు.

మొదటి వాక్యంలో ఇల్లు ఉంది, కానీ అది మనది కాదు, ఇంకెవరిదో. రెండో వాక్యంలో ఇల్లే లేదు. ఒక వస్తువు "ఇది అది కాదు" అని చెప్పడానికి "కాదు" వాడతాం. అసలు వస్తువే లేనప్పుడు "లేదు" అంటాం. ఇంగ్లీషులో రెంటికీ ఒకే చిన్న మాటతో పని జరిగిపోతుంది. అందుకే దుబాయ్‌లోనో షార్జాలోనో పుట్టి పెరిగిన పిల్లలు ఒక్కోసారి "ఇది నా బ్యాగ్ లేదు" అనేస్తారు. అమ్మమ్మ నవ్వి "లేదు కాదే, కాదు" అని సరిదిద్దుతుంది.

కంప్యూటర్‌తో మాట్లాడేటప్పుడు కూడా ఈ తేడా కావాలి. అది తెలియకపోతే కంపైలర్ ఇచ్చే ఎర్రర్లు గజిబిజిగా కనిపిస్తాయి. తెలిస్తే, అవి అమ్మమ్మ సరిదిద్దినట్టే ఉంటాయి.

కోడ్ చదవడం గురించి ఒక మాట

ఈ పాఠంలో కోడ్‌ని కూడా తెలుగు లిపిలోనే రాశాం, పైకి చదవడానికి వీలుగా ఉంటుందని. మీరు కంప్యూటర్‌లో టైప్ చేసేటప్పుడు ఈనమ్, కేస్, స్విచ్, రిటర్న్, నిల్ వంటి స్విఫ్ట్ సొంత మాటలను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. మీరు పెట్టుకునే పేర్లు మాత్రం, అంటే షార్జా, చుట్టం, ఊరు లాంటివి, తెలుగు అక్షరాల్లో ఉంచినా స్విఫ్ట్ ఒప్పుకుంటుంది. పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఖాళీ కావలసిన చోట కింది గీత పెట్టండి.

స్విఫ్ట్ అనేది ఆపిల్ కంపెనీ 2014 జూన్‌లో ప్రకటించిన ప్రోగ్రామింగ్ భాష. కంపైలర్ అంటే మీరు రాసిన కోడ్‌ని చదివి, యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చే ప్రోగ్రాం. చదువుతుండగా ఎక్కడైనా సందేహం వస్తే అది మార్చడం ఆపేసి ఎర్రర్ ఇస్తుంది.

మనం చేసే ప్రోగ్రాం

ఎమిరేట్స్‌లో ఉగాదికి సెలవు ఉండదు. అందుకని చాలా ఇళ్ళలో ఉగాది భోజనం వారాంతంలో పెట్టుకుంటారు. అందరికీ ఒకే రోజు సెలవు దొరకాలి కదా. 2022 జనవరి 1 నుంచి ఇక్కడి ప్రభుత్వ ఆఫీసులకు శుక్రవారం మధ్యాహ్నం నుంచి, శని, ఆదివారాలు సెలవు. షార్జాలో మాత్రం శుక్రవారం రోజంతా సెలవే. అంతకుముందు, 2006 నుంచి, శుక్ర, శనివారాలు సెలవుగా ఉండేవి.

మన చుట్టాల్లో ఎవరెవరికి ఎప్పుడు సెలవో చెప్పే చిన్న ప్రోగ్రాం రాద్దాం. జాబితా ఇది.

మామయ్య: అబూధాబి
పిన్ని: షార్జా
బాబాయి: రస్ అల్ ఖైమా
అమ్మమ్మ: గుంటూరు

ముందుగా ఎమిరేట్ల పట్టిక కావాలి. "ఇవి మాత్రమే ఉంటాయి, ఇంకేవీ ఉండవు" అని లెక్కపెట్టి చెప్పే పట్టికను ఈనమ్ అంటారు. ఎమిరేట్స్ 1971 డిసెంబర్ 2న ఒక దేశంగా ఏర్పడింది. ఆ రోజున చేరినవాటిని రాస్తే ఇలా ఉంటుంది.

ఈనమ్ ఎమిరేట్ {
  కేస్ అబూధాబి, దుబాయ్, షార్జా
  కేస్ అజ్మాన్, ఉమ్_అల్_క్వైన్, ఫుజైరా
}

ఇప్పుడు సెలవు చెప్పే ఫంక్షన్ రాద్దాం.

ఫంక్ సెలవు(_ ఊరు: ఎమిరేట్) -> స్ట్రింగ్ {
  స్విచ్ ఊరు {
  కేస్ .షార్జా:
    రిటర్న్ "శుక్ర, శని, ఆది"
  కేస్ .అబూధాబి, .దుబాయ్, .అజ్మాన్, .ఉమ్_అల్_క్వైన్, .ఫుజైరా:
    రిటర్న్ "శుక్రవారం మధ్యాహ్నం నుంచి, శని, ఆది"
  }
}

స్విచ్ అంటే "ఇదైతే ఇలా చెయ్యి, అదైతే అలా చెయ్యి" అని విడదీసి చెప్పడం. ఇలా ఒక్కో కేస్‌తో పోల్చి చూడడాన్ని ప్యాటర్న్ మ్యాచింగ్ అంటారు. ఈ కోడ్ చక్కగా నడుస్తుంది. కానీ బాబాయి ఎక్కడ?

మొదటి ఎర్రర్: తప్పు ఒకచోట, కేక ఇంకోచోట

1971 డిసెంబర్ 2న చేరినవి ఆరు ఎమిరేట్లే. రస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరి 10న ఏడోదిగా చేరింది. కాబట్టి మన ఈనమ్‌లో ఒక వరస చేర్చాలి.

  కేస్ రస్_అల్_ఖైమా

చేర్చగానే ఎర్రర్ వస్తుంది. అయితే చేర్చిన వరస దగ్గర రాదు. కిందెక్కడో, మీరు ముట్టుకోని స్విచ్ దగ్గర ఎర్ర గుర్తు పడుతుంది.

"స్విచ్ మస్ట్ బి ఎగ్జాస్టివ్"

చాలామంది ఇక్కడే తికమకపడతారు. "నేను పైన కదా మార్చింది, కింద ఎందుకు అరుస్తోంది? నిన్నటిదాకా ఇదే స్విచ్ బాగానే ఉంది కదా?" అనిపిస్తుంది. ఎగ్జాస్టివ్ అంటే ఒక్కటీ వదలకుండా అన్నీ అని అర్థం. అలసిపోయాను అని చెప్పే ఎగ్జాస్టెడ్ అనే మాటకు ఇది చుట్టమే. కానీ ఇక్కడ ఎవరూ అలసిపోలేదు. కంపైలర్ చెప్పేది ఇది: "పట్టికలో ఏడు పేర్లు ఉన్నాయి. మీ స్విచ్‌లో ఆరింటికే జవాబు ఉంది. ఏడోది వస్తే నేనేం చెయ్యాలి?"

ఎర్రర్ కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరస కూడా ఉంటుంది. రస్_అల్_ఖైమా అనే కేస్ చేర్చమని పేరు పెట్టి మరీ చెబుతుంది. పెద్ద అక్షరాలు చూసి గాభరాపడకుండా ఆ చిన్న వరస కూడా చదవడం అలవాటు చేసుకోండి. పేరు చేర్చి చూడండి. ఎర్రర్ పోతుంది, బాబాయికి పిలుపు అందుతుంది.

రెండో ఎర్రర్: చివరన ఉన్న ప్రశ్న గుర్తు

ఇప్పుడు అమ్మమ్మ సంగతి. అమ్మమ్మ గుంటూరులో ఉంటుంది. అమ్మమ్మది ఏ ఎమిరేట్? అబూధాబి కాదు, దుబాయ్ కాదు, షార్జా కాదు. ఇలా ఏడుసార్లు "కాదు" అన్నా పని పూర్తి కాదు. అమ్మమ్మకు ఎమిరేట్ *లేదు*.

"ఉండొచ్చు, లేకపోవచ్చు" అని చెప్పే విలువను స్విఫ్ట్‌లో ఆప్షనల్ అంటారు. రకం పేరు చివర ఒక ప్రశ్న గుర్తు పెడితే చాలు.

స్ట్రక్ట్ చుట్టం {
  లెట్ పిలుపు: స్ట్రింగ్
  లెట్ ఊరు: ఎమిరేట్?
}

లెట్ పిన్ని = చుట్టం(పిలుపు: "పిన్ని", ఊరు: .షార్జా)
లెట్ అమ్మమ్మ = చుట్టం(పిలుపు: "అమ్మమ్మ", ఊరు: నిల్)

నిల్ అంటే మన "లేదు". ఇప్పుడు సెలవు(పిన్ని.ఊరు) అని రాస్తే ఈ ఎర్రర్ వస్తుంది.

"వాల్యూ ఆఫ్ ఆప్షనల్ టైప్ ఎమిరేట్? మస్ట్ బి అన్‌రాప్డ్ టు ఎ వాల్యూ ఆఫ్ టైప్ ఎమిరేట్"

"పిన్నికి ఊరు ఉంది కదా, షార్జా అని రాశాం కదా" అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఎమిరేట్ వేరు, ఎమిరేట్? వేరు. ఎమిరేట్ అంటే చేతిలో ఉన్న లడ్డు. ఎమిరేట్? అంటే మూత పెట్టిన డబ్బా. లోపల లడ్డు ఉండొచ్చు, ఖాళీగానూ ఉండొచ్చు. మన ఫంక్షన్ లడ్డు అడిగింది, మనం డబ్బా ఇచ్చాం. "మూత తీసి చూసి ఇవ్వండి" అని కంపైలర్ అంటోంది. అన్‌రాప్ అంటే పొట్లం విప్పడం.

ఈ ఎర్రర్‌తో పాటు కంపైలర్ రెండు చిట్కాలు కూడా చూపిస్తుంది. రెండూ ఒక్క నొక్కుతో ఎర్రర్‌ని మాయం చేస్తాయి. అందుకే రెంటితోనూ జాగ్రత్తగా ఉండాలి.

ఒకటి: రెండు ప్రశ్న గుర్తులు పెట్టి, లోపల ఏమీ లేకపోతే వాడుకోవడానికి ఒక విలువ ఇవ్వడం. ఉదాహరణకు సెలవు(అమ్మమ్మ.ఊరు ?? .దుబాయ్). ఎర్రర్ పోయింది. కానీ మనం గుంటూరు అమ్మమ్మను దుబాయ్‌లో కూర్చోబెట్టాం. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆవిడ ఖాళీ అని ప్రోగ్రాం చెబుతుంది. ఆ విలువ నిజంగా సరిపోయే చోట ఈ పద్ధతి మంచిదే. ఇక్కడ మాత్రం అది అబద్ధం.

రెండు: ఆశ్చర్యార్థకం పెట్టడం. సెలవు(అమ్మమ్మ.ఊరు!). "ఇందులో తప్పకుండా ఉంది, నా మాట నమ్ము" అని కంపైలర్‌కి హామీ ఇవ్వడం అన్నమాట. పిన్ని వరకూ బాగానే నడుస్తుంది. అమ్మమ్మ దగ్గరికి రాగానే డబ్బా ఖాళీ అని తేలి, ప్రోగ్రాం మొత్తం అక్కడికక్కడ ఆగిపోతుంది. అమ్మమ్మ తర్వాత జాబితాలో ఉన్నవాళ్ళెవరికీ పిలుపు వెళ్ళదు.

మూడో దారి ఉంది. ఫంక్షన్‌కే డబ్బా ఇచ్చి, "ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలి" అని దానికే నేర్పడం. ఫంక్షన్ మొదటి వరసలో ఎమిరేట్ చివర ప్రశ్న గుర్తు పెట్టండి.

ఫంక్ సెలవు(_ ఊరు: ఎమిరేట్?) -> స్ట్రింగ్ {

మళ్ళీ పాత ఎర్రరే వస్తుంది: "స్విచ్ మస్ట్ బి ఎగ్జాస్టివ్". ఈసారి ఏడు ఎమిరేట్లూ ఉన్నాయి కదా, ఇంకేం తక్కువ? చిన్న వరస చదవండి. నన్ అనే కేస్ చేర్చమంటోంది. మీరు ఎక్కడా రాయని పేరు అది. ఎక్కడినుంచి వచ్చింది?

రహస్యం ఏమిటంటే, స్విఫ్ట్‌లో ఆప్షనల్ కూడా ఒక ఈనమే. అందులో రెండే కేసులు. ఒకటి సమ్, అంటే "ఉంది, ఇదిగో". రెండోది నన్, అంటే "లేదు". కాబట్టి ఇప్పుడు లెక్క ఏడు కాదు, ఎనిమిది: ఏడు ఎమిరేట్లు, ఒక "లేదు". ఎనిమిదోదానికి కూడా జవాబు రాద్దాం.

  కేస్ .నన్:
    రిటర్న్ "వీడియో కాల్ చెయ్యాలి, అక్కడ గంటన్నర ముందు"

ఎర్రర్ పోయింది. అమ్మమ్మకు అబద్ధపు ఊరు అంటగట్టలేదు, జాబితాలోంచి తీసెయ్యనూ లేదు. మనకు మధ్యాహ్నం పన్నెండు అయితే గుంటూరులో ఒకటిన్నర. మనం వడ్డించుకునే వేళకు అమ్మమ్మ భోంచేసి తీరిగ్గా కూర్చుని ఉంటుంది.

పాత స్విఫ్ట్ వాడేవాళ్ళకు ఇక్కడ ఇంకో వింత ఎర్రర్ కనిపించేది. షార్జా అనే కేస్ ఎమిరేట్? అనే రకంలో దొరకలేదు అని. "అదుగో, పైన రాశాను కదా!" అని పిల్లలే కాదు, పెద్ద ఇంజనీర్లు కూడా తల పట్టుకునేవారు. షార్జా ఉన్నది ఎమిరేట్‌లో. ఎమిరేట్? లో ఉన్నవి సమ్, నన్ మాత్రమే. ఎర్రర్ మొత్తంలో అసలు సంగతి ఆ ఒక్క ప్రశ్న గుర్తులో ఉంది. 2019లో వచ్చిన స్విఫ్ట్ 5.1 నుంచి మనం .షార్జా అని రాసినా, డబ్బా లోపలి షార్జా గురించే అంటున్నామని కంపైలర్ తనే అర్థం చేసుకుంటోంది.

ఎర్రర్ రాని తప్పు: అందరూ "అంకుల్" అయిపోతే

ఎగ్జాస్టివ్ ఎర్రర్‌ని పోగొట్టడానికి ఇంకో సులువైన దారి ఉంది. దాని పేరు డిఫాల్ట్. "మిగతావన్నీ" అని అర్థం.

  కేస్ .షార్జా:
    రిటర్న్ "శుక్ర, శని, ఆది"
  డిఫాల్ట్:
    రిటర్న్ "శుక్రవారం మధ్యాహ్నం నుంచి, శని, ఆది"

రెండు వరసల్లో పని అయిపోయింది, కంపైలర్ నోరెత్తదు. కానీ "మిగతావన్నీ" అన్నప్పుడు అందులో నిల్ కూడా వచ్చేసింది. అమ్మమ్మ మళ్ళీ ఎమిరేట్స్ లెక్కలోకి వచ్చి పడింది. ఈసారి చెప్పేవాళ్ళు లేరు. ఎందుకంటే నోరు మూయించింది మనమే.

ఇంగ్లీషులో "అంకుల్" అనే మాట ఇలాంటిదే. నాన్న అన్నయ్య పెదనాన్న, నాన్న తమ్ముడు బాబాయి, అమ్మ అన్నదమ్ములు మామయ్యలు. తెలుగులో ఒక మనిషిని పిలవాలంటే ఆయన ఎవరి తరఫువాడో, పెద్దవాడో చిన్నవాడో తెలిసి ఉండాలి. తెలియకపోతే అమ్మని అడగాలి. "అంకుల్" అంటే ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు. సులువే, కానీ ఎవరు ఏమవుతారో ఎప్పటికీ తెలియదు. పక్కింటాయనకూ బస్సు డ్రైవర్‌కీ ఆ పిలుపు సరిపోతుంది. మామయ్యకి సరిపోదు. డిఫాల్ట్ కూడా అంతే. నిజంగా తేడా లేనిచోట వాడండి. తేడా తెలుసుకోవడానికి బద్ధకించి వాడకండి.

మూడో సందేశం: రెండు "నన్"ల గొడవ

భోజనానికి ఎవరు ఎలా వస్తారో కూడా అడిగి రాసుకుందాం.

ఈనమ్ ప్రయాణం {
  కేస్ మెట్రో, బస్సు, కారు, నన్
}

ఇక్కడ నన్ అంటే "ఇవేవీ కాదు" అని మన ఉద్దేశం. అత్తయ్య పక్క బిల్డింగ్‌లోనే ఉంటుంది, నడిచి వస్తుంది. జవాబు ఇంకా చెప్పనివాళ్ళూ ఉంటారు కాబట్టి రకాన్ని ప్రయాణం? అని పెడదాం.

లెట్ అత్తయ్య_ప్రయాణం: ప్రయాణం? = .నన్

ఇప్పుడు ఎర్ర గుర్తు రాదు. పసుపు గుర్తు వస్తుంది. అది వార్నింగ్, అంటే హెచ్చరిక. "మీరన్నది ఆప్షనల్‌లో ఉన్న నన్ అనుకుంటున్నాను. ప్రయాణంలో ఉన్న నన్ గురించా మీరన్నది?" అని కంపైలర్ అడుగుతుంది. పసుపు గుర్తు ఉన్నా ప్రోగ్రాం నడుస్తుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు. అప్పుడేమవుతుంది? "నడిచి వస్తాను" అని జవాబిచ్చిన అత్తయ్య, జవాబే ఇవ్వనివాళ్ళ జాబితాలో చేరిపోతుంది. వస్తానని చెప్పిన మనిషికి విస్తరి వెయ్యకుండా ఉంటామా?

"ఇవేవీ కాదు" అన్నది ఒక జవాబు. "జవాబు లేదు" అన్నది ఇంకొకటి. ఇంగ్లీషు నన్‌లో రెండూ కలిసిపోయాయి. తెలుగులో అవి ఎప్పుడూ వేరే. ఈనమ్‌లో కేస్ పేరును ఏదీ_కాదు అని తెలుగులో పెట్టండి, గొడవే ఉండదు. నడక అని పెడితే ఇంకా స్పష్టం.

ఇది ఎందుకు ముఖ్యం?

ప్రోగ్రామింగ్‌లో "లేదు" అనే విలువకు పెద్ద చరిత్ర ఉంది. టోనీ హోర్ అనే బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం పనిచేస్తూ, ఏ విలువ చోటనైనా "ఏమీ లేదు" అని పెట్టే వీలు కల్పించారు. అప్పటికి అది సులువైన పని. కానీ డబ్బా ఖాళీగా ఉండొచ్చని గుర్తుచేసే ప్రశ్న గుర్తు అందులో లేదు. ఆ తర్వాత ఎన్నో భాషలు ఆ దారిలోనే నడిచాయి, ఎన్నో ప్రోగ్రాములు ఆగిపోయాయి. 2009లో ఆయనే దాన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పుగా చెప్పుకున్నారు. స్విఫ్ట్‌లో ప్రశ్న గుర్తు, రస్ట్ అనే భాషలో ఆప్షన్ అనే ఈనమ్ ఈ సమస్యకు మందులు. రస్ట్‌లో కూడా "లేదు" అనే కేస్ మర్చిపోతే కంపైలర్ ఒప్పుకోదు.

మన జీవితంలోనూ ఇలాంటి గడులు చాలా ఉన్నాయి. భారతదేశంలో 1972 ఆగస్టు 15 నుంచి ఆరంకెల పిన్ కోడ్ ఉంది. ఎమిరేట్స్‌లో పోస్టల్ కోడ్ లేదు. అయినా ఇంటర్నెట్‌లో ఎన్నో ఫారాలు ఆ గడి నింపకపోతే ముందుకు పోనివ్వవు. అందుకని జనం ఐదు సున్నాలు కొడతారు. కోడ్ లేదు అన్నది నిజం. కోడ్ సున్నా అన్నది నిజం కాదు.

పేర్ల విషయం ఇంకా పెద్దది. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు వస్తుంది. చాలామంది దాన్ని ఒక్క అక్షరంగా రాస్తారు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. 2022 నవంబర్‌లో, పాస్‌పోర్టులో ఒకే ఒక్క పేరు ఉన్నవాళ్ళను సందర్శక వీసా మీద ఎమిరేట్స్‌లోకి అనుమతించరన్న నిబంధన వచ్చింది. తర్వాత, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చాలని వివరణ ఇచ్చారు. మనవల్ని చూడ్డానికి వచ్చే ఒక తాతయ్య ప్రయాణం ఒక ఖాళీ గడి మీద ఆధారపడిందన్నమాట. రేపు మీలో ఎవరో ఇలాంటి ఫారాలకు కోడ్ రాస్తారు. అప్పుడు ఇంటిపేరు చివర ప్రశ్న గుర్తు పెట్టాలా వద్దా అని నిర్ణయించేది మీరే.

ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలి?

1. గాభరాపడకండి. ఎర్రర్‌ని పైకి చదవండి. ఆ తర్వాత కింద ఉన్న చిన్న వరస కూడా చదవండి.
2. ఎర్ర గుర్తు ఉన్నచోటే తప్పు ఉందనుకోకండి. ఇంతకుముందు చివరిగా ఏం మార్చారో గుర్తుచేసుకోండి.
3. రకం పేరు చివర ప్రశ్న గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది డబ్బా, లడ్డు కాదు.
4. మిమ్మల్ని మీరు అడగండి: ఇక్కడ సంగతి "కాదు"నా, "లేదు"నా?
5. డిఫాల్ట్, ఆశ్చర్యార్థకం వాడే ముందు, దానివల్ల ఎవరి పేరు తప్పిపోతుందో ఆలోచించండి.

కొత్త మాటలు

అయోమయం: ఏమీ అర్థం కాని స్థితి
వారాంతం: వారం చివరి సెలవు రోజులు
గాభరా: కంగారు
హామీ: "తప్పకుండా అలాగే" అని ఇచ్చే మాట
అంటగట్టు: ఒకరికి సంబంధం లేనిదాన్ని వాళ్ళకు తగిలించు
గడి: ఫారంలో రాయడానికి ఇచ్చిన చోటు
విస్తరి: భోజనం వడ్డించే ఆకు
నిబంధన: పాటించవలసిన నియమం

అభ్యాసం 1: ఖాళీలు నింపండి (లేదు, కాదు, లేరు)

1. ఇది నా సీటు ______.
2. ఫ్రిజ్‌లో పెరుగు ______.
3. తాతగారు ఇంట్లో ______.
4. నాది ఎనిమిదో తరగతి ______, ఏడో తరగతి.
5. మాకు పోస్టల్ కోడ్ ______. అంటే మా కోడ్ సున్నా అని ______.

అభ్యాసం 2: ఎవరికి ఏమవుతుంది?

జాబితాలో వరసగా పిన్ని, అమ్మమ్మ, మామయ్య ఉన్నారు. ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు ఊరు పక్కన ఆశ్చర్యార్థకం పెట్టారు. ముగ్గురిలో ఎవరికి పిలుపు వెళ్తుంది? ఎవరికి వెళ్ళదు? ఎందుకు? మూడు వాక్యాల్లో రాయండి.

అభ్యాసం 3: కోడ్ పూర్తి చేయండి

దుబాయ్ మెట్రోలో రెడ్ లైన్ 2009లో, గ్రీన్ లైన్ 2011లో మొదలయ్యాయి. కొత్తగా బ్లూ లైన్ కడుతున్నారు. రెడ్, గ్రీన్ లైన్లతో ఒక ఈనమ్ రాయండి. దానిమీద డిఫాల్ట్ లేకుండా ఒక స్విచ్ రాయండి. తర్వాత ఈనమ్‌లో బ్లూ చేర్చి, ఎర్రర్ ఎక్కడ వస్తుందో చూడండి. ఇంటి దగ్గర మెట్రో లేనివాళ్ళ కోసం ఇంకేం చేర్చాలి?

అభ్యాసం 4: ఇంట్లో అడిగి రాయండి

మీరు "అంకుల్" లేదా "ఆంటీ" అని పిలిచేవాళ్ళలో ఐదుగురి పేర్లు రాయండి. ఒక్కొక్కరు మీకు ఏమవుతారో అమ్మానాన్నలను అడిగి, సరైన పిలుపు పక్కన రాయండి. చుట్టరికం లేనివాళ్ళ పక్కన ఏమని రాస్తారు: "లేదు" అనా, "కాదు" అనా?

అభ్యాసం 1 జవాబులు: 1. కాదు 2. లేదు 3. లేరు 4. కాదు 5. లేదు, కాదు